ఉద్యోగ రొట్టె పట్టుకుంటే పని అయిపోదు

"ఉద్యోగ రొట్టె... ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?"

నెల్లూరు దర్గామిట్టలో స్వర్ణాల చెరువు దగ్గర ఏటా వినబడే కేక ఇది. తల మీద కొంగు కప్పుకుని, నీళ్లలో నిలబడి, చేతులు చాచి అడుగుతుంటారు. పక్కనే ఇంకొకరికి చదువు రొట్టె కావాలి. ఇంకాస్త అవతల పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె. ఎవరికి ఏది కావాలో పేరు పెట్టి అడుగుతారు. ఇచ్చేవాళ్లూ పేరు పెట్టే ఇస్తారు.

బారా షహీద్ దర్గా రొట్టెల పండుగ గురించి నెల్లూరు పిల్లలకు కొత్తగా చెప్పేదేం లేదు. మొహర్రం నెలలో వచ్చే ఈ పండుగకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా లక్షల్లో జనం వస్తారు. ముస్లింలూ హిందువులూ తేడా లేకుండా ఒకే నీళ్లలో నిలబడతారు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. చాంద్రమానం లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది.

అంటే ఈ మధ్య ఏళ్లలో పండుగ సరిగ్గా మీ సీజన్‌లోనే పడుతోంది. డిగ్రీ, బీటెక్ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చే రోజులు. క్యాంపస్‌లో ఎంపికైనవాళ్లు జాయినింగ్ తేదీ కోసం, కానివాళ్లు ఏదో ఒక కాల్ కోసం చూసే రోజులు. హాస్టల్ ఖాళీ చేసి పెట్టెతో ఇంటికొచ్చి కూర్చున్న రోజులు. అందుకే ఈసారి ఈ శీర్షికలో నోటిఫికేషన్ల సంగతి పక్కన పెట్టి, ఆ రొట్టె గురించి మాట్లాడుకుందాం.

రొట్టెతో ఉద్యోగం వస్తుందా అని మీలో కొందరు నవ్వొచ్చు. నమ్మకం ఎవరిది వారిది. మనం చూడాల్సింది అది కాదు. ఆ చెరువులో ఒక నియమం ఉంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఆ నియమం తెలుసుకుంటే చాలా మేలు.

ఇచ్చేది ఎవరు?

చెరువులో ఉద్యోగ రొట్టె ఇచ్చేది ఎవరో గమనించారా? దర్గా పెద్దలు కాదు. అధికారులు కాదు. నాయకులు కాదు. అంతకుముందు ఎప్పుడో ఇదే చెరువులో ఇలాగే చేయి చాచి ఉద్యోగ రొట్టె అడిగినవాళ్లు. కోరిక తీరింది కాబట్టి ఇంట్లో రొట్టె కాల్చుకుని, పని మానుకుని, బస్సెక్కి తిరిగి వచ్చినవాళ్లు. తాము తీసుకున్న రొట్టెను ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఇంకొకరి చేతిలో పెడుతున్నారు.

అసలు ఈ ఆచారం ఎలా మొదలైందో చెప్పే కథ కూడా ఇలాంటిదే. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేసిందని, ఇక్కడి అమరవీరుల సమాధుల మట్టితో నయమైందని, కృతజ్ఞత చెప్పుకోవడానికి నవాబు దంపతులు ఇక్కడికి వచ్చారని, రొట్టెల మార్పిడి అప్పటి నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. కథలో చిన్న చిన్న తేడాలున్నాయి. ఎవరు చెప్పినా ఒకటి మాత్రం మారదు. పండుగ మొదలైంది కోరిక కోరడంతో కాదు, కోరిక తీరాక తిరిగి రావడంతో.

ఒక్కసారి ఆలోచించండి. ఉద్యోగం వచ్చినవాళ్లంతా "మా పని అయిపోయింది" అనుకుని ఇంట్లో కూర్చుంటే? మరుసటి ఏడాది చెరువులో అడిగేవాళ్లే ఉంటారు, ఇచ్చేవాళ్లు ఉండరు. రెండేళ్లలో పండుగ ఆగిపోతుంది. అది ఇన్ని తరాలుగా నడుస్తోందంటే కారణం అడిగేవాళ్ల ఆశ ఒక్కటే కాదు, పొందినవాళ్లు మరిచిపోకపోవడం.

మీ కాలేజీ సీనియర్ల వాట్సాప్ గ్రూపు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగం వచ్చేదాకా రోజుకు పది మెసేజ్‌లు పెట్టినవాళ్లు, ఆఫర్ లెటర్ చేతికి రాగానే గ్రూపు మ్యూట్ చేస్తారు. ఆర్నెల్లకు బయటికి వెళ్లిపోతారు. ఆ గ్రూపు ఎండిపోయిన చెరువు. మన కాలేజీల్లో చాలా గ్రూపుల పరిస్థితి ఇదే.

నీళ్లలో నిలబడింది మీరు కాదు

చెరువు గట్టు మీద కాసేపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఉద్యోగ రొట్టె అడిగేవాళ్లలో ఉద్యోగం కావాల్సినవాళ్ల కంటే వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు, అక్కలు కనబడతారు. అబ్బాయి గట్టు మీద ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. లేకపోతే అసలు రాడు. "నువ్వు పోయి రామ్మా, నాకెందుకు అదంతా" అంటాడు. సిగ్గు. ఎవరైనా తెలిసినవాళ్లు కనబడి, "ఏమబ్బయ్యా, ఇంకా ఏం రాలేదా?" అంటారేమోనని.

ఆ ప్రశ్నంటే మీకెంత భయమో మాకు తెలుసు. పండుగకు ఇంటికి చుట్టాలొస్తే చాలు, గుండెలో రాయి పడుతుంది. "పక్కింటోళ్ల పిల్లోడికి మద్రాసులో వచ్చిందంట గదా, మరి నీకు?" అంటారు. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి, ఫోన్ వంకతో మిద్దె మీదికి తప్పించుకుంటారు.

అయితే ఆ ప్రశ్న వెనక ఏముందో కూడా చూడాలి. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, అల్లూరు, బోగోలు. ఈ సముద్రం పక్క మండలాల్లో ఇంటి లెక్క ఎప్పుడూ నీళ్ల మీదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు పల్లెకారుల ఇంటికి వేట రాబడి ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతి వచ్చినా, బయట తెచ్చిన అప్పు పెరుగుతూనే ఉంటుంది. మళ్లీ బోట్లు కదిలిన కొద్ది రోజులకే రొట్టెల పండుగ. అప్పుడు అమ్మ చేతిలో బస్సు చార్జీ కూడా లెక్క చూసుకుని పెట్టే డబ్బే.

రొయ్యల గుంటల వాళ్ల సంగతీ అంతే. 1990ల్లో టైగర్ రొయ్య ఈ తీరానికి డబ్బు తెచ్చింది. ఆ దశాబ్దం మధ్యలోనే తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామందిని ముంచింది. తర్వాత వనామి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ ఎక్కడో వాషింగ్టన్‌లో ఆగలేదు. గుంట గట్టు మీద కౌంట్ రేటు దగ్గర తగిలింది. అలాంటి ఇంట్లో నాన్న "ఏమైంది రా నీ ఉద్యోగం?" అని అడిగితే, అది మిమ్మల్ని దెప్పడమే కాకపోవచ్చు. నెలనెలా పడే ఒక జీతం ఇంట్లో ఉంటే ఈసారి పంట పోయినా తట్టుకోవచ్చన్న లెక్క అది. ఆ లెక్క ఆయనకు సరిగ్గా చెప్పడం రాదు. అందుకే కోపంగా వస్తుంది.

కాబట్టి తప్పించుకోవడం మానేసి ఒక పని చేయండి. ఒక సాయంత్రం అమ్మానాన్నలను కూర్చోబెట్టి మీ వెతుకులాట లెక్క వాళ్ల ముందు పెట్టండి. ఎన్నిచోట్ల దరఖాస్తు పెట్టారు, ఎన్ని పరీక్షలు రాశారు, ఎక్కడ ఏ రౌండ్ దాకా వెళ్లారు, ఎందుకు ఆగిపోయారు, వచ్చే మూడు నెలల్లో ఏం చేయబోతున్నారు. ఆంగ్ల మాటలు తగ్గించి, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. "ప్రయత్నిస్తున్నా" అన్న మాట వాళ్లకు చాలదు. "పదహారు చోట్ల పెట్టినా, మూడు చోట్ల పిలిచినారు, ఇంగ్లీషులో మాట్లాడేకాడ ఆగిపోయినా, దానికి రోజూ గంట కూర్చుంటా ఉండా" అంటే చాలు. మీకోసం నీళ్లలో నిలబడిన మనిషికి ఆమాత్రం లెక్క చెప్పాలి. వాళ్ల మొహంలో మార్పు మీకే కనబడుతుంది. తర్వాత చుట్టాలు అడిగితే జవాబు వాళ్లే చెబుతారు.

పేరు పెట్టి అడగండి

చెరువులో ఎవరూ "ఏదో ఒక రొట్టె ఇవ్వండి" అనరు. ఉద్యోగ రొట్టె అంటారు, లేదా వ్యాపార రొట్టె అంటారు. ఇచ్చేవాళ్లకు కూడా అప్పుడే తెలుస్తుంది తాము ఇవ్వగలరో లేదో.

ఉద్యోగం వెతికే మన పిల్లలు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. సీనియర్‌కు పెట్టే మెసేజ్ ఇలా ఉంటుంది: "హాయ్ అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పు." దానికి వాళ్లు ఏం చెప్పగలరు? "చూద్దాం తమ్ముడూ" అంటారు. అక్కడితో అయిపోతుంది. పైగా అడిగినవాళ్లు "అన్న పట్టించుకోలేదు" అనుకుంటారు.

అదే ఇలా రాసి చూడండి: "అన్నా, నమస్తే. నేను మన కాలేజీలో ఈసీఈ, ఈ ఏడాదే పూర్తయింది. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో టెస్టింగ్ ఇంజినీర్ ఖాళీ చూశాను, జాబ్ ఐడీ కింద ఇస్తున్నాను. టెస్టింగ్‌లో రెండు చిన్న ప్రాజెక్టులు చేశాను. రెజ్యూమె జత చేశాను. రెఫర్ చేయడం వీలవుతుందా? వీలుకాకపోతే, ఇంటర్వ్యూకు మీరెలా తయారయ్యారో పది నిమిషాలు ఫోన్‌లో చెప్పినా చాలు." ఇందులో ఎవరు, ఏం కావాలి, ఎందుకు తగినవాళ్లు అన్నీ ఉన్నాయి. కాదనడానికి కూడా మర్యాదైన దారి ఉంది. ఇలా అడిగితే పదిమందిలో ముగ్గురైనా జవాబిస్తారు.

ఎవరిని అడగాలి అన్నది ఇంకో ప్రశ్న. మనం సాధారణంగా బాగా దగ్గరివాళ్లనే అడుగుతాం. బాబాయి, మేనమామ, రూమ్మేట్. కానీ చెరువులో రొట్టె ఇచ్చేది ఎక్కువసార్లు తెలియనివాళ్లే కదా. చిత్రంగా, ఉద్యోగాల లోకంలోనూ అంతేనని పరిశోధకులు తేల్చారు. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పరిసరాల్లో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా కలిసే మనిషి ద్వారా వచ్చిందన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసే మనిషి ద్వారా అన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో అరుదుగా కలిసే మనిషి ద్వారా అన్నవాళ్లు 27.8 శాతం. ఆ పరిశోధన పత్రం 1973లో వచ్చింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం, లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడకందారులను ఐదేళ్లపాటు పరిశీలించి, మరీ దగ్గరివాళ్ల కంటే కొంచెం దూరపు పరిచయాలే కొత్త ఉద్యోగానికి ఎక్కువ పనికొస్తాయని చెప్పింది.

కారణం కష్టమైనదేం కాదు. మీకు దగ్గరివాళ్లకు తెలిసింది మీకూ తెలుసు. దూరపువాళ్లకు తెలిసింది మీకు తెలియదు. కాబట్టి మూడేళ్ల కింది సీనియర్‌కు, ఒకసారి వర్క్‌షాప్‌లో కలిసిన మేడమ్‌కు, బస్సులో పరిచయమైన పోర్టు ఉద్యోగికి మెసేజ్ పెట్టడానికి మొహమాటపడకండి. మొహమాటం పడితే రొట్టె దొరకదు.

నిజమైన రొట్టెకు రేటు ఉండదు

పండుగలో రొట్టె పిండికి డబ్బు ఖర్చవుతుంది, బస్సుకు ఖర్చవుతుంది. కోరికను మాత్రం ఎవరూ అమ్మరు. "ఐదు వేలు ఇస్తే ఉద్యోగ రొట్టె గ్యారంటీ" అనేవాళ్లు చెరువులో కనబడితే, మీ అమ్మమ్మే నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తుంది.

మరి అదే మాట ఫోన్‌లో వస్తే ఎందుకు నమ్ముతున్నాం? "రిజిస్ట్రేషన్ ఫీజు", "ల్యాప్‌టాప్ డిపాజిట్", "బ్యాక్‌డోర్ పోస్టింగ్", "ట్రైనింగ్ పూర్తయితే వంద శాతం ప్లేస్‌మెంట్" అంటూ వచ్చే కాల్స్ ఫలితాల సీజన్‌లోనే ఎక్కువ. ఇంట్లో బంగారం కుదువపెట్టి కట్టినవాళ్లున్నారు. ఆ తర్వాత ఆఫీసూ ఉండదు, నంబరూ పనిచేయదు. పోయింది డబ్బు మాత్రమే కాదు. ఇంట్లో మీ మాట మీద నమ్మకం కూడా పోతుంది.

ఒక్క గుర్తు పెట్టుకోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీకు జీతం ఇస్తారు, మీ దగ్గర తీసుకోరు. ఆఫర్ లెటర్ వస్తే అందులోని మెయిల్ చిరునామా కంపెనీ సొంత డొమైన్‌దేనా చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. ఓటీపీ, ఆధార్ ఫొటో, బ్యాంక్ వివరాలు అడిగితే ఆగండి. ఇప్పటికే డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉద్యోగార్థుల పేరు నమోదు ఉచితం. పైసా లేకుండా దొరికేదాన్ని పక్కన పెట్టి, డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి పోవద్దు.

ఈ ఏడాది రాకపోతే?

రావచ్చు, రాకపోవచ్చు. రొట్టె తీసుకున్న ప్రతివాళ్లకూ ఏడాది తిరిగేసరికి ఉద్యోగం రాదు. ఆ సంగతి చెరువుకు వచ్చేవాళ్లకు తెలుసు. రానివాళ్లను అక్కడ ఎవరూ నిలదీయరు. మళ్లీ వచ్చి మళ్లీ అడుగుతారు. రెండోసారి అడగడం తప్పు కాదు, చిన్నతనం కాదు.

ఈలోపు ఖాళీగా మాత్రం ఉండొద్దు. మన తీరంలో పని లేదనడం పూర్తి నిజం కాదు. మన చదువుకు దగ్గరగా ఉన్న పని మనం చూడకపోవడం కూడా ఉంది. రొయ్యపిల్లలను గుంటలో వదిలే ముందు వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేయాలి. దానికి మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివినవాళ్లు కావాలి. హేచరీలున్నాయి, మేత కంపెనీలున్నాయి, ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. కృష్ణపట్నం పోర్టు చుట్టూ రవాణా, గోదాముల లెక్కలు, కస్టమ్స్ కాగితాల పనులున్నాయి. బీకాం పిల్లలకు అవి పనికొస్తాయి. జీతం మొదట్లో తక్కువే. ఏసీ గది కూడా ఉండకపోవచ్చు. అయినా ఆర్నెల్ల అనుభవం రెజ్యూమెలో ఒక నిజమైన వాక్యం అవుతుంది. "ఏం చేస్తా ఉండావు?" అన్న ప్రశ్నకు జవాబూ అవుతుంది.

పని గురించి ఇంకో మాట. పండుగ రోజు మనం చెరువు దగ్గరుంటే, అక్కడే కొందరు డ్యూటీలో ఉంటారు. ఘాట్లు ఊడ్చే మున్సిపల్ కార్మికులు, రాత్రంతా స్పెషల్ బస్సులు తోలే ఆర్టీసీ డ్రైవర్లు, ఎండలో నిలబడిన పోలీసులు, వైద్య శిబిరంలో నర్సులు, నీళ్లలో జారిపడితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న ఈతగాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, పండుగ ఉంది. "ఉద్యోగం" అని మనం అడిగేది సరిగ్గా దీన్నే. పండుగ రోజు కూడా ఎవరికో అవసరమై నిలబడి ఉండటం. జీతం, హోదా దాని తర్వాత వచ్చేవి. మీకు రేపు వచ్చే ఉద్యోగంలోనూ కొన్ని పండుగలు పోతాయి. అది ముందే తెలిసి ఉంటే మంచిది.

వచ్చాక ఏం ఇవ్వాలి?

వచ్చిందనుకుందాం. రావాలనే మా కోరిక. మొదటి జీతం పడిన రోజు మన ఇళ్లలో ఏం చేస్తారో మీకు తెలుసు. అమ్మ చేతిలో పెడతారు. దేవుడి దగ్గర పెట్టి, స్వీటు పంచుతారు. బాగుంది. రెండో నెల నుంచే గందరగోళం. బండి ఈఎంఐ, కొత్త ఫోన్, స్నేహితుల పార్టీ, ఇంటి అప్పు, చెల్లెలి ఫీజు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. కొందరు ఇంటికి ఏమీ పంపరు. కొందరు గొప్ప కోసం ఉన్నదంతా పంపి, చెన్నైలోనో బెంగళూరులోనో అప్పు చేసి అద్దె కడతారు. రెండూ నిలవవు. ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. ఉదాహరణకు చేతికి 18 వేలు వస్తే గది, తిండి, ప్రయాణం తీసేయగా మిగిలేది ఎంత? అందులో ఇంటికి నెలనెలా తప్పకుండా పంపగలిగేది ఎంత? అది మూడు వేలే అయినా సరే, చెప్పిన తేదీకి చెప్పినంత పంపండి. ఒకసారి పది వేలు పంపి మూడు నెలలు మాయమవడం కంటే అమ్మకు అదే ధైర్యం.

ఇంటి బాకీ ఇది. ఇక చెరువు బాకీ ఉంది. మీకు దారి చెప్పిన సీనియర్‌కు తిరిగి ఇవ్వడం కాదు. ఆ మనిషికి మీ సాయం అవసరం ఉండకపోవచ్చు. మీ వెనక ఉన్నవాళ్లకు ఇవ్వాలి. దీనికి డబ్బే అక్కర్లేదు. ఇంటర్వ్యూ అయిన రాత్రే, గుర్తున్న ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి జూనియర్ల గ్రూపులో పెట్టండి. కంపెనీలో నిజంగా జీతం ఎంత, బాండ్ ఉందా, షిఫ్టులు ఎలా ఉంటాయి అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. గొప్పలు చెప్పి వాళ్లను తప్పుదారి పట్టించకండి. ఖాళీ వస్తే తగినవాళ్లను రెఫర్ చేయండి, తగనివాళ్లకు ఏం నేర్చుకోవాలో చెప్పండి. ఏడాదికి ఒక్కరి పరీక్ష ఫీజు కట్టండి. గ్రూపు మ్యూట్ చేసుకోండి, వదిలి మాత్రం పోకండి.

"నాకెవరూ చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి?" అనేవాళ్లుంటారు. వాళ్ల కోసం మన జిల్లాలోనే జవాబుంది. పొణకా కనకమ్మ గారికి చిన్నతనంలోనే పెళ్లయింది. బడి చదువు దక్కలేదు. ఇంట్లోనే సొంతంగా చదువుకున్నారు. అలాంటి మనిషి 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన ఆశ్రమానికి భూమి ఇచ్చిందీ ఆవిడే. తనకు దక్కిందాన్ని పంచడం ఒక ఎత్తు. తనకు దక్కనిదాన్ని తర్వాతివాళ్లకు దక్కేలా చేయడం ఇంకో ఎత్తు. నూరేళ్ల కింద మన నెల్లూరు ఆడకూతురు రెండోది చేసి చూపించింది. మనం ఒక మెసేజ్‌కు జవాబివ్వలేమా?

ఉద్యోగం రాకముందు కూడా ఇవ్వడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. పక్క వీధి పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పొచ్చు. పథకం కాగితం పట్టుకుని నెట్ సెంటర్ చుట్టూ తిరిగే పెద్దాయనకు ఫోన్‌లోనే దరఖాస్తు నింపి పెట్టొచ్చు. తోటి స్నేహితురాలికి తగ్గ నోటిఫికేషన్ కనబడితే, పోటీ అవుతుందని దాచకుండా పంపొచ్చు. ఖాళీగా ఉన్నామన్న బాధ ఇలాంటి పనుల్లో కొంత తగ్గుతుంది. మీకు పని చేయడం వచ్చని నలుగురికీ తెలుస్తుంది కూడా. చాలామందికి మొదటి అవకాశం ఇలాంటి నలుగురి నోటి నుంచే వస్తుంది.

మళ్లీ పండుగ వచ్చినప్పుడు

ఈసారి పండుగకు అమ్మ చెరువుకు బయల్దేరితే "నువ్వు పోయి రామ్మా" అనకండి. మీరూ వెళ్లండి. మీకు నమ్మకం లేకపోతే రొట్టె అడగనక్కర్లేదు. జనంలో అమ్మ చేయి పట్టుకుని మెట్లు దిగడానికైనా వెళ్లండి. ఎవరైనా "ఇంకా ఏం రాలేదా?" అంటే, "లేదండీ, వెతుకుతా ఉండా. మీకు తెలిసినచోట ఏమన్నా ఉంటే చెప్పండి" అని ఏ పని కావాలో పేరు పెట్టి అడగండి. ఆ అడిగినాయనే మీ దూరపు పరిచయం కావచ్చు.

ఉద్యోగం వచ్చిన ఏడాది సెలవు దొరక్కపోవచ్చు. మేనేజర్‌ను ముందే అడిగిపెట్టుకోండి. ఇంట్లో రొట్టెలు అమ్మ కాలుస్తుంటే పక్కన కూర్చుని మీరు కూడా రెండు కాల్చండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు. చెరువులో ఆ రోజు ఎవరో ఒకమ్మ, తన కూతురి కోసమో కొడుకు కోసమో, "ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని అడుగుతూ ఉంటుంది.

మీ దగ్గరే ఉంది. ఇచ్చి రండి. ఇస్తూ, వాళ్ల పిల్లలు ఏం చదివారో కనుక్కుని, మీ ఫోన్ నంబరు కూడా ఇచ్చి రండి.